గురక ఆగినప్పుడు వినేదెవరు?

నిద్రలో పది సెకన్లు, అంతకన్నా ఎక్కువసేపు ఊపిరి ఆగిపోవడాన్ని ఆప్నియా అంటారు. ఊపిరి లేకపోవడమని ఆ గ్రీకు మాటకు అర్థం. గాలి పూర్తిగా ఆగకపోయినా బాగా తగ్గి, దానివల్ల రక్తంలో ఆక్సిజన్ పడిపోయినా, నిద్ర చెదిరినా దాన్ని హైపాప్నియా అంటారు. ఈ రెండూ కలిపి గంటకు సగటున ఎన్నిసార్లు జరిగాయో చెప్పే అంకె ఏహెచ్ఐ. అది ఐదు లోపు ఉంటే మామూలు. 5 నుంచి 15 దాకా స్వల్పం, 15 నుంచి 30 దాకా మధ్యస్థం, 30 దాటితే తీవ్రం. రిపోర్టులో 30 చిన్న అంకెలాగే కనిపిస్తుంది. ఏడు గంటల నిద్రకు లెక్క కడితే ఆ మనిషికి ఒక్క రాత్రిలో రెండు వందల సార్లకు పైగా ఊపిరి తెగిందన్నమాట. తెల్లారాక వాటిలో ఒక్కటీ అతనికి గుర్తుండదు.

ఈ జబ్బులో అసలు చిక్కు ఇక్కడే ఉంది. కడుపునొప్పి వస్తే మనిషికి తెలుస్తుంది, జ్వరం వస్తే తెలుస్తుంది. నిద్రలో ఆగిన ఊపిరి తెలియాలంటే పక్కన ఇంకొకరు మెలకువగా ఉండాలి. ఇంట్లో అయితే భార్యో, తల్లో, మంచినీళ్లకు లేచిన కొడుకో గమనిస్తారు. పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి దాకా ముంబై హైవేకు అటూ ఇటూ పరుచుకున్న పారిశ్రామికవాడల్లో ఆ సాక్షి చాలామందికి లేడు.

1960ల్లో రామచంద్రాపురంలో బీహెచ్‌ఈఎల్ వచ్చింది. 1970ల్లో పటాన్‌చెరు ఇండస్ట్రియల్ ఏరియా మొదలైంది. తర్వాత బొల్లారం, పాశమైలారం, ఖాజీపల్లి, గడ్డపోతారం. మందుల ముడిసరుకు, రసాయనాలు, ఇనుము, ప్లాస్టిక్ తయారుచేసే యూనిట్లు ఒకదాని పక్కన ఒకటి వెలిశాయి. రియాక్టర్లో సరుకు పడ్డాక మధ్యలో ఆపి ఇంటికి పోవడం కుదరదు. అందుకే ఇక్కడ పని మూడు షిఫ్టుల్లో, రాత్రింబవళ్లు సాగుతుంది. ఇస్నాపూర్, రుద్రారం, పాశమైలారం చుట్టుపక్కల వరస గదుల్లో ఒడిశా, బిహార్, యూపీ, జార్ఖండ్ నుంచి వచ్చినవారు, మన జిల్లాల నుంచే వచ్చినవారు నలుగురైదుగురు కలిసి అద్దెకుంటారు. ఒకరు డ్యూటీకి పోతుంటే ఇంకొకరు వచ్చి అదే చాప మీద వాలతారు. నైట్ షిఫ్టు దిగి పొద్దున ఎనిమిదింటికి పడుకున్నవాడి ఊపిరి ఆగితే వినడానికి గదిలో ఎవరూ ఉండరు. ఉన్నా ఫ్యాను హోరులో వాళ్లూ అలసిపోయి పడుకుని ఉంటారు. ‘వీడి గురక భరించలేం’ అని నవ్వుకుని ఊరుకుంటారు.

గొంతులో ఏం జరుగుతుంది?

ముక్కు వెనక నుంచి స్వరపేటిక దాకా గాలి పోయే దారికి ఎముకల చట్రం లేదు. మెలకువలో దాన్ని తెరిచి ఉంచేది కండరాలే. నిద్ర పట్టగానే అవి వదులవుతాయి. ఆరోగ్యంగా ఉన్నవారిలో దారి కాస్త ఇరుకవుతుంది, అంతే. మెడ చుట్టూ కొవ్వు పేరుకున్నా, కింది దవడ చిన్నగా లోపలికి ఉన్నా, టాన్సిల్స్ పెద్దవైనా, నాలుక మొదలు లావెక్కినా ఆ ఇరుకులో గాలి అంగిలినీ కొండనాలుకనూ అదిలిస్తూ పోతుంది. ఆ అదురే గురక. ఇంకాస్త ఇరుకైతే దారి పూర్తిగా మూసుకుపోతుంది. ఛాతీ మాత్రం గాలి కోసం లాగుతూనే ఉంటుంది. రొమ్ము లోపలికి, పొట్ట బయటికి ఎదురెదురుగా కదులుతుంటాయి, గాలి మాత్రం అందదు. ఆక్సిజన్ తగ్గుతుంది, కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంది. మెదడు అపాయాన్ని పసిగట్టి మనిషిని కొన్ని సెకన్ల పాటు లేపుతుంది. కండరాలు బిగుస్తాయి, పెద్ద చప్పుడుతో ఊపిరి అందుతుంది. మళ్లీ నిద్ర, మళ్లీ వదులు, మళ్లీ మూత.

గురక అనగానే మనకు కుంభకర్ణుడు గుర్తొస్తాడు. గట్టిగా గురక పెట్టేవాడు ఒళ్లు మరిచి హాయిగా నిద్రపోతున్నాడనుకుంటాం. నిద్ర గురించి మనలో పాతుకుపోయిన నమ్మకాల్లో ఇంత నష్టం చేసింది మరొకటి లేదు. పెద్ద గురక, ఆ మధ్యలో హఠాత్తుగా నిశ్శబ్దం, ఆ తర్వాత ఉక్కిరిబిక్కిరైనట్టు ఎగశ్వాస, మళ్లీ గురక: ఈ వరస విన్నప్పుడు అక్కడ పడుకున్న మనిషి ఊపిరి కోసం పెనుగులాడుతున్నాడని అర్థం చేసుకోవాలి.

ఇలా దారి మూసుకుపోయి వచ్చేదాన్ని అబ్‌స్ట్రక్టివ్ స్లీప్ ఆప్నియా అంటారు. నూటికి తొంభై పాళ్లు కనిపించేది ఇదే. దారి తెరిచే ఉన్నా మెదడు ఊపిరి తీసుకోమని చెప్పకపోవడం వల్ల వచ్చేది సెంట్రల్ రకం. గుండె బలహీనపడినవారిలో, పక్షవాతం వచ్చినవారిలో, నల్లమందు జాతి మందులు వాడేవారిలో అది కనిపిస్తుంది. దాని చికిత్స వేరు.

మన దేశంలో ఇది ఎంతమందిలో ఉందో మొదట జనంలోకి వెళ్లి లెక్క చూసినవాటిలో ముంబై అధ్యయనం ఒకటి. 35 నుంచి 65 ఏళ్ల మధ్య మగవారిని పరీక్షించి, 2004లో ప్రచురించిన ఆ ఫలితాల్లో లక్షణాలతో సహా జబ్బు ఉన్నవారు 7.5 శాతం తేలారు. ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు అప్పటిదాకా వచ్చిన భారతీయ అధ్యయనాలన్నీ కలిపి 2023లో వేసిన అంచనా ప్రకారం పెద్దవారిలో 11 శాతం మందికి ఈ జబ్బుంది. మగవారిలో 13, ఆడవారిలో 5 శాతం. పనిచేసే వయసువారిలో మొత్తం 10 కోట్ల 40 లక్షల మంది, అందులో 4 కోట్ల 70 లక్షల మందికి మధ్యస్థం లేదా తీవ్రం. వీరిలో అత్యధికులకు తమకు జబ్బుందనే తెలియదు.

నైట్ డ్యూటీ మీద వేసే నింద

షిఫ్టుల్లో పనిచేసేవారు పగలు తూగుతుంటే ఎవరూ ఆశ్చర్యపోరు. తూగేవారు కూడా ఆశ్చర్యపోరు. ‘నైట్ డ్యూటీలు కదా’ అన్న ఒక్కమాటతో విషయం ముగిసిపోతుంది. ఆ మాటలో నిజం ఉంది. వారం వారం షిఫ్టు మారితే ఒంటి గడియారం కుదురుకోదు, పగటి నిద్ర రాత్రి నిద్రంత లోతుగా ఉండదు. కానీ అదే నిజం ఆప్నియాను ఏళ్ల తరబడి కప్పిపెడుతుంది. రెండింటినీ విడదీసి చూడటానికి ఒక దారి ఉంది. షిఫ్టుల వల్ల వచ్చిన నిద్రమత్తు వీక్లీ ఆఫ్‌లో రెండు పూటలు నిండా పడుకుంటే, లేదా వరసగా రెండు వారాలు జనరల్ షిఫ్టు పడితే చాలావరకు తేలికపడుతుంది. ఆప్నియా ఉన్నవారు ఎనిమిది గంటలు పడుకున్నా, పది గంటలు పడుకున్నా, సెలవు మీద ఊరికి పోయి పడుకున్నా బరువుగానే లేస్తారు. నిద్ర గంటలు పెరిగినా అలసట తగ్గకపోతే గంటల లెక్క వదిలి ఊపిరి వైపు చూడాలి.

మిగతా గుర్తులు విడివిడిగా చూస్తే మామూలువే. పొద్దున లేవగానే తలనొప్పి ఉండి గంటా రెండు గంటల్లో తగ్గిపోతుంది. రాత్రి పేరుకున్న కార్బన్ డయాక్సైడ్ అందుకు ఒక కారణం కావచ్చు. నోరు పిడచకట్టుకుపోతుంది. రాత్రి మూడు నాలుగుసార్లు మూత్రానికి లేవాల్సి వస్తుంది. దీన్ని షుగర్ అనో, ప్రోస్టేట్ అనో అనుకుంటారు. మూసిన గొంతుతో ఛాతీ గట్టిగా లాగినప్పుడు గుండె గదులు సాగుతాయి. ఒంట్లో నీరు ఎక్కువైందని గుండె పొరబడి మూత్రం పెంచే హార్మోన్ వదులుతుంది. అసలు కారణం గొంతులో ఉంటుంది. చిరాకు, మతిమరుపు, కోరికలు తగ్గడం, రాత్రి చెమటలు, ఉక్కిరిబిక్కిరై ఉలిక్కిపడి లేవడం కూడా ఇందులోవే. మూడు రకాల మందులు వాడినా బీపీ దారికి రానివారిలో సగానికి పైగా ఆప్నియా బయటపడుతుందని అధ్యయనాలు చూపాయి. బీపీ బిళ్లలు పెంచుతూ పోయే ముందు గురక గురించి రోగి భార్యను ఒక్క ప్రశ్న అడగడం మంచిది.

లావుగా ఉన్నవారికే వస్తుందన్న అభిప్రాయం సగమే నిజం. దవడ, ముఖం ఎముకల తీరు వల్ల ఆసియా దేశాలవారికి తక్కువ బరువులోనే వస్తుంది. థైరాయిడ్ మందగించినవారిలో, పీసీఓడీ ఉన్న అమ్మాయిల్లో, ముట్లుడిగిన ఆడవారిలో ఎక్కువ. ఆడవారు గురక గురించి చెప్పుకోరు. వారిలో నీరసం, నిద్ర పట్టకపోవడం, దిగులు ముందు కనిపిస్తాయి కాబట్టి నిద్రమాత్రలతోనో, రక్తం పట్టే టానిక్కులతోనో ఏళ్లు గడిచిపోతాయి. పిల్లల్లో ఇంకో తీరు. టాన్సిల్స్, ఎడినాయిడ్స్ పెరిగి నోరు తెరుచుకుని నిద్రపోయే పిల్లలు పగలు తూగరు. కుదురుగా కూర్చోలేక అల్లరి చేస్తారు, చదువులో వెనకబడతారు.

ఇంట్లోనే తూచుకోవడానికి రెండు చిన్న కొలతలు ప్రపంచమంతా వాడుకలో ఉన్నాయి. ఒకటి 1991లో ఆస్ట్రేలియా వైద్యుడు ముర్రే జాన్స్ తయారుచేసిన ఎప్‌వర్త్ స్కేలు. కూర్చుని చదువుతున్నప్పుడు, టీవీ చూస్తున్నప్పుడు, గంటసేపు బండిలో ప్రయాణిస్తున్నప్పుడు, భోజనం చేసి ఊరికే కూర్చున్నప్పుడు, ఎవరితోనో మాట్లాడుతున్నప్పుడు... ఇలా ఎనిమిది సందర్భాల్లో కునుకు పట్టే అవకాశానికి సున్నా నుంచి మూడు దాకా మార్కులు వేసుకోవాలి. మొత్తం 10 దాటితే డాక్టరును కలవాలి. రెండోది టొరంటోలో ఫ్రాన్సెస్ చుంగ్ బృందం 2008లో ఇచ్చిన స్టాప్-బ్యాంగ్. గట్టి గురక, పగటి అలసట, ఊపిరి ఆగడం ఎవరైనా చూడటం, బీపీ, బీఎంఐ (ఎత్తును బట్టి బరువు లెక్క) 35 దాటడం, వయసు 50 దాటడం, మెడ చుట్టుకొలత 40 సెంటీమీటర్లు దాటడం, మగవారు కావడం. ఎనిమిదింట్లో మూడు ఉంటే అనుమానించాలి, ఐదు ఉంటే ఆలస్యం చేయకూడదు. మెడకు టేపు లేకపోతే చొక్కా కాలరు చూసుకోవచ్చు. 16 అంగుళాలు దాటితే ఆ మార్కు పడ్డట్టే. మన దేశంలో బీఎంఐ 25 దాటితేనే ఊబకాయంగా లెక్కిస్తారు కనుక ఇందులోని 35 గీత మనవారికి చాలా ఎత్తులో ఉంది. బరువు మార్కు రాలేదని ధీమా పడకూడదు.

కల్లు, మాత్రలు, మూసిన ముక్కు

మద్యం తాగితే గొంతు కండరాలు మరింత వదులవుతాయి, మెదడు లేపడం ఆలస్యమవుతుంది. పది సెకన్లు ఆగే ఊపిరి ఇరవై, ముప్పై సెకన్లు ఆగుతుంది. డ్యూటీ దిగాక ‘నిద్ర పట్టడానికి’ వేసుకునే క్వార్టర్ నిద్రను తొందరగా తెస్తుంది, ఊపిరిని తెంచుతుంది. తెలంగాణలో దీనికి ఇంకో ముఖం ఉంది. కల్తీ కల్లులో డైజెపామ్, ఆల్ప్రజోలామ్, క్లోరల్ హైడ్రేట్ కలపడం మెదక్, నిజామాబాద్, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో పాత రోగం. 2015లో ప్రభుత్వం దాడులు చేసి ఆపినప్పుడు అలవాటుపడినవారు వణుకుతో, మూర్ఛలతో ఆసుపత్రులకు చేరారు. ఈ మందులన్నీ నిద్రపుచ్చేవే, కండరాలను వదులు చేసేవే. గురక పెట్టే మనిషి రోజూ అలాంటి కల్లు తాగితే రాత్రి అతని గొంతును తెరిచి ఉంచాల్సిన కాస్త బలం కూడా పోతుంది. నిద్ర సరిగా లేదని షాపులో అడిగి వేసుకునే మాత్రలకూ ఇదే వర్తిస్తుంది.

ఫ్యాక్టరీల్లోని సాల్వెంట్ల సంగతి కూడా చెప్పాలి. టోల్యూన్, జైలీన్ లాంటి ద్రావకాల మధ్య పనిచేసేవారిలో స్లీప్ ఆప్నియా ఎక్కువేమోనని స్వీడన్, నార్వే పరిశోధకులు 1980ల చివర, 1990ల్లో అనుమానించారు. తర్వాతి అధ్యయనాల్లో ఫలితాలు ఒకేలా రాలేదు కాబట్టి సాల్వెంట్లే జబ్బు తెస్తాయని అనలేం. అయితే ఘాటు వాసనలు, దుమ్ము ముక్కును దిబ్బడ వేయిస్తాయన్నది ఎవరూ కాదనరు. పటాన్‌చెరు–బొల్లారం ప్రాంతాన్ని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2009లోనే తీవ్ర కాలుష్య ప్రాంతాల జాబితాలో పెట్టింది. ముక్కు మూసుకుపోతే నోటితో పీల్చడం, నోరు తెరిస్తే దవడ వెనక్కి జారడం, దవడతో పాటు నాలుక గొంతులోకి ఒరగడం ఒకదాని వెంట ఒకటి వస్తాయి. రేపు చికిత్స కోసం ముక్కుకు గాలి పంపే మాస్క్ పెట్టుకున్నప్పుడు కూడా ఆ దిబ్బడే అడ్డుపడుతుంది. ముక్కుకు చికిత్స ముందు చేయించుకోవాలి.

వదిలేస్తే

ఆక్సిజన్ పడిపోయిన ప్రతిసారీ ఒంట్లోకి అడ్రినలిన్ ఎగజిమ్ముతుంది, గుండె వేగం, బీపీ ఒక్కసారిగా లేస్తాయి. రాత్రి తగ్గాల్సిన బీపీ తగ్గదు. ఏళ్లు గడిచేకొద్దీ పగటి బీపీ పెరుగుతుంది, గుండె లయ తప్పుతుంది, షుగర్ అదుపు తప్పుతుంది, పక్షవాతం ముప్పు పెరుగుతుంది. ‘సింహాసనం’, ‘గ్యాంగ్ లీడర్’ పాటలతో తెలుగువారిని ఉర్రూతలూగించిన బప్పీ లహరి 2022 ఫిబ్రవరిలో 69 ఏళ్ల వయసులో ముంబైలో కన్నుమూశారు. ఆయన మరణానికి కారణంగా వైద్యులు చెప్పిన పేరు అబ్‌స్ట్రక్టివ్ స్లీప్ ఆప్నియా. ఆ మాట చాలామంది తెలుగు పాఠకులు వార్తల్లో మొదటిసారి చదివింది అప్పుడే.

గుండె దెబ్బతినడానికి ఏళ్లు పడుతుంది. కునుకు వల్ల జరిగే ప్రమాదానికి అరక్షణం చాలు. చికిత్స లేని ఆప్నియాతో బండి నడిపేవారికి ప్రమాదం జరిగే అవకాశం మిగతావారికన్నా రెండు నుంచి మూడు రెట్లు ఉంటుందని, పనిలో ప్రమాదాలు దాదాపు రెట్టింపని అనేక అధ్యయనాలను కలిపి చూసిన సమీక్షలు చెబుతున్నాయి. ముత్తంగి దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కే ట్యాంకర్ డ్రైవరు, తెల్లవారుజామున నాలుగింటికి రియాక్టర్ టెంపరేచర్ చూస్తున్న ఆపరేటరు, ప్రెస్ మీద చేయి పెట్టిన కార్మికుడు, షిఫ్టు దిగి బైకు మీద గదికి పోతున్న కుర్రాడు, వీరికి కునుకు ఎక్కడ పడుతుందన్నదే అంతా తేలుస్తుంది.

పరీక్ష

నిర్ధారణకు స్లీప్ స్టడీ తప్పదు. ల్యాబ్‌లో ఒక రాత్రి పడుకోబెట్టి తల మీద, కళ్ల పక్కన, గడ్డం కింద, ఛాతీ మీద, కాళ్ల మీద తీగలు అతికించి, ముక్కు దగ్గర గాలిని, వేలికి ఆక్సిజన్‌ను కొలిచేది పాలీసోమ్నోగ్రఫీ. ఇన్ని తీగలతో నిద్రెలా పడుతుందని అందరూ అడుగుతారు. రోజూలా పట్టకపోయినా జబ్బును పట్టుకోవడానికి చాలినంత పడుతుంది. గుండె, ఊపిరితిత్తుల జబ్బులేవీ లేక, ఆప్నియా అనుమానం బలంగా ఉన్నవారికి ఇంటి దగ్గరే పెట్టుకునే చిన్న పరికరం సరిపోతుంది. నైట్ షిఫ్టువారు ల్యాబ్‌కు పోయే ముందే తమ నిద్ర వేళలు చెప్పాలి. పగలు నిద్రపోయే మనిషిని అలవాటు లేని రాత్రి పడుకోబెట్టి కొలిస్తే లెక్క తప్పుతుంది.

ముందుగా కలవాల్సింది పల్మనాలజిస్టునో, ఈఎన్‌టీ డాక్టరునో. నెల జీతం 21 వేల రూపాయల దాకా ఉండి ఈఎస్ఐ కార్డు ఉన్న కార్మికులు తమ డిస్పెన్సరీలో రాయించుకుని రామచంద్రాపురం ఈఎస్ఐ ఆసుపత్రికి, అక్కడి నుంచి అవసరమైతే సనత్‌నగర్‌కు వెళ్లే దారి ఉంది. కార్డు లేనివారికి ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రి, పంజాగుట్ట నిమ్స్ ఇదే హైవే దారిలో ఉన్నాయి. ప్రతి చీటీ, ప్రతి రిపోర్టు దాచుకోవాలి. చికిత్సకు వాడే గాలి మిషన్ కోసం దరఖాస్తు పెట్టేటప్పుడు మొదట అడిగేది స్లీప్ స్టడీ కాగితాన్నే.

మాస్క్‌తో కాపురం

1981కి ముందు తీవ్రమైన ఆప్నియాకు ఉన్న చికిత్స గొంతుకు రంధ్రం చేసి గొట్టం అమర్చడం. ఆ ఏడాది సిడ్నీకి చెందిన కోలిన్ సలివాన్ ఐదుగురు రోగుల మీద చేసిన ప్రయోగాన్ని ‘లాన్సెట్’ పత్రికలో ప్రచురించారు. ఇల్లు ఊడ్చే వాక్యూమ్ క్లీనర్ మోటారు గాలిని లాగుతుంది. ఆయన దాన్ని తిప్పి గాలి ఊదేలా చేసి, ముక్కుకు బిగించిన తొడుగులోకి పంపారు. రోగులు గురక లేకుండా, ఊపిరి ఆగకుండా నిద్రపోయారు. సీపాప్ అలా పుట్టింది. మిషన్ ఆక్సిజన్ ఇస్తుందని చాలామంది అనుకుంటారు. అది గదిలో గాలినే కాస్త ఒత్తిడితో పంపుతుంది. 4 నుంచి 20 సెంటీమీటర్ల నీటిమట్టానికి సమానమైన ఆ ఒత్తిడి గొంతు గోడలు అతుక్కోకుండా లోపలి నుంచి ఆపుతుంది.

పనిచేయడంలో దీనికి సాటి వచ్చేది లేదు. అయితే అది ముఖం మీద ఉన్నంతసేపే పనిచేస్తుంది. తీసేసిన రాత్రి జబ్బు తిరిగొస్తుంది. గుండె జబ్బో, మెదడు రక్తనాళాల జబ్బో కూడా ఉన్న 2,717 మందిపై జరిపి 2016లో ప్రచురించిన సేవ్ అధ్యయనంలో వారు మిషన్ పెట్టుకున్నది సగటున రాత్రికి 3.3 గంటలే. గుండెపోట్లు, పక్షవాతాలు తగ్గలేదు. పగటి మత్తు తగ్గింది, మనసు తేలికపడింది, అనారోగ్యంతో పని మానే రోజులు తగ్గాయి. సీపాప్ గుండెను కాపాడి తీరుతుందని అమ్మకందారు చెబితే నమ్మనక్కరలేదు. తెల్లవారుజామున రియాక్టర్ ముందు మెలకువగా ఉంచుతుందంటే నమ్మవచ్చు.

మిషన్‌తో రాజీపడటం మొదటి రెండు వారాల్లోనే తేలిపోతుంది. ముఖానికి తొడుగు వేసుకోగానే ఊపిరాడనట్టు అనిపించడం సహజం. పడుకునేటప్పుడే మొదలుపెట్టకుండా పగలు టీవీ చూస్తూ అరగంట పెట్టుకుని అలవాటు చేసుకోవాలి. ఒత్తిడిని మెల్లగా పెంచే ర్యాంప్ సదుపాయం చాలా మిషన్లలో ఉంటుంది. నోరు పిడచకడుతుంటే గాలికి తేమ ఇచ్చే తొట్టె పెట్టించుకోవాలి. అందులో డిస్టిల్డ్ నీళ్లే పోయాలి, బోరు నీళ్లు పోస్తే తెల్లగా ఉప్పు పేరుకుంటుంది. మాస్క్ పక్క నుంచి గాలి పోతుంటే పట్టీలు మరీ బిగించకూడదు, సైజు మార్చాలి. మీసాలు ఒత్తుగా ఉన్నవారికి ముక్కు రంధ్రాల్లో ఒదిగే చిన్న రకం నయం. ఫ్యాక్టరీల దగ్గర గదుల్లో దుమ్ము ఎక్కువ కనుక ఫిల్టరు తరచూ చూసుకోవాలి. మాస్క్‌ను రోజూ సబ్బునీళ్లతో కడిగి నీడలో ఆరబెట్టాలి. మిషన్ రాత్రి నిద్రకే అనుకుని నైట్ డ్యూటీ వారాల్లో పక్కన పెట్టేయడం ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు. ఎప్పుడు నిద్రపోతే అప్పుడు పెట్టుకోవాలి, మధ్యాహ్నం గంట కునుకైనా సరే.

వీటన్నిటికన్నా బరువైనది సిగ్గు. నలుగురున్న గదిలో ముఖానికి గొట్టం తగిలించుకుని పడుకోవడానికి ముప్పై ఏళ్ల కుర్రాడు వెనకాడతాడు. కొత్తగా పెళ్లయినవాడు భార్య ముందు పెట్టుకోలేడు. ఐసీయూలో ఉన్న మనిషిలా కనిపిస్తానని బాధపడతాడు. ఆ బాధను తేలిగ్గా కొట్టిపారేయకూడదు. కళ్లజోడుకు ఒకప్పుడు ఇంతే మొహమాటపడ్డారు. గదిలో ఉన్నవారికి ముందే చెప్పేస్తే సగం భారం దిగుతుంది. కొత్త మిషన్ల చప్పుడు 30 డెసిబెల్స్‌కు అటూ ఇటూ ఉంటుంది, అదివరకు వారు భరించిన గురకలో అది ఏ మూలకూ రాదు. భార్య ఊళ్లో ఉంటే ఆమెకు ఫోన్లో విడమరిచి చెప్పాలి. జబ్బును మొదట కనిపెట్టింది చాలా ఇళ్లలో ఆమే.

ధర నిజంగానే అడ్డంకి. మిషన్‌కు ముప్పై వేల నుంచి డెబ్బై వేల దాకా అవుతుంది. మాస్క్, గొట్టం అప్పుడప్పుడు మార్చాలి. నెలవారీ అద్దెకు ఇచ్చేవారున్నారు. కొనే ముందు ఒక నెల అద్దెకు తెచ్చి చూడటం తెలివైన పని.

సీపాప్ ససేమిరా కుదరనివారికి వేరే దారులున్నాయి. స్వల్ప, మధ్యస్థ జబ్బులో కింది దవడను ముందుకు జరిపి ఉంచే పళ్ల అచ్చు పనికొస్తుంది. వెల్లకిలా పడుకున్నప్పుడే ఊపిరి ఆగేవారికి పక్కకు తిరిగి పడుకోవడమే మందు. టాన్సిల్స్ పెద్దవైన పిల్లలకు ఆపరేషన్ తర్వాత చాలావరకు నయమవుతుంది. పెద్దవారి గొంతు ఆపరేషన్ల ఫలితం మనిషిని బట్టి మారుతుంది. బరువు విషయంలో విస్కాన్సిన్ పరిశోధకులు 2000లో చెప్పిన లెక్క ఇప్పటికీ దారి చూపుతుంది. బరువు పది శాతం తగ్గినవారిలో ఏహెచ్ఐ 26 శాతం తగ్గింది, పది శాతం పెరిగినవారిలో 32 శాతం పెరిగింది. ఊబకాయంతో పాటు మధ్యస్థ, తీవ్ర ఆప్నియా ఉన్నవారికి టిర్జెపటైడ్ ఇంజెక్షన్‌ను అమెరికా ఎఫ్‌డీఏ 2024 డిసెంబరులో ఆమోదించింది. ఈ జబ్బుకు అక్కడ ఆమోదం పొందిన మొదటి మందు అదే. ఖరీదైన మందు, ఆపేస్తే బరువు తిరిగొస్తుంది. ఏ ఆపరేషన్‌కు వెళ్లినా తనకు ఆప్నియా ఉందని మత్తు డాక్టరుకు ముందే చెప్పడం మరవకూడదు.

గేటు లోపల

భోపాల్ దుర్ఘటన తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టంలో చేర్చిన 41-సి సెక్షన్ ప్రమాదకర ప్రక్రియల్లో పనిచేసేవారికి ఏడాదికి ఒక్కసారైనా వైద్య పరీక్ష జరగాలంది. ఆ పరీక్షల్లో కళ్లు, రక్తం, ఊపిరితిత్తుల బలం చూడటం ఆనవాయితీ. నిద్ర గురించి అడగడం అరుదు. అడిగినా కార్మికుడు నిజం చెప్పడు. డ్యూటీలో తూగాడంటే మెమో ఇస్తారు, కాంట్రాక్టు కార్మికుడైతే రేపటి నుంచి రావద్దంటారు. ఆ భయం ఉన్నంతకాలం జబ్బు దాగే ఉంటుంది, దాగిన జబ్బే రియాక్టర్ దగ్గర నిలబడుతుంది. స్టాప్-బ్యాంగ్‌లోని ఎనిమిది ప్రశ్నలకు రెండు నిమిషాలు చాలు, పైసా ఖర్చు లేదు. మెడ కొలిచే టేపు ప్రతి ఫ్యాక్టరీ ఫస్ట్ ఎయిడ్ గదిలో ఉండాలి. పదేపదే కునికే మనిషిని మెమో ఇచ్చే ముందు డాక్టరు దగ్గరికి పంపాలి. మిషన్ వాడుతూ మెలకువగా ఉన్నవాడిని అదే పనిలో ఉంచాలి. చికిత్సతో మత్తు తగ్గినవారు మామూలుగా పనిచేస్తారు, బండి నడుపుతారు.

ఇస్నాపూర్‌లోనో, రుద్రారంలోనో, పాశమైలారంలోనో గది పంచుకుంటున్నవారికి ఒక మనవి. పక్కన పడుకున్నవాడి గురక ఉన్నట్టుండి ఆగిపోతే లెక్కపెట్టండి. పది దాటితే ఫోన్ తీసి రెండు నిమిషాలు రికార్డు చేయండి. అతను లేచాక నవ్వకుండా వినిపించి, ఆ ఫోన్ పట్టుకుని అతనితో పాటు డిస్పెన్సరీకి వెళ్లండి.